రేపు మళ్లా రావాల

మా గదిలో ఒక మనిషి గడిపేది పది, పదిహేను నిమిషాలు. అందులో యంత్రం నుంచి కిరణం వచ్చేది రెండు మూడు నిమిషాలే. మిగతా సమయమంతా ఆ మనిషిని నిన్న పడుకున్న చోటే, నిన్న పడుకున్న తీరులోనే మళ్లీ పడుకోబెట్టడానికి సరిపోతుంది. నేను తిరుపతిలో రేడియోథెరపీ టెక్నాలజిస్టును. ఎక్కడ ఎంత డోసు పడాలో డాక్టరు నిర్ణయిస్తారు. ఆ డోసు క్యాన్సర్ గడ్డకు పూర్తిగా అందాలి, పక్కనే ఉన్న లాలాజల గ్రంథులకూ వెన్నుపాముకూ వీలైనంత తక్కువ తగలాలి. దానికి ఫిజిసిస్టు లెక్క కడతారు. ఆ లెక్క కంప్యూటరులోంచి దిగి, ఒక ఒంటి మీద మిల్లీమీటర్ల తేడాలో నిజమయ్యేట్టు చూడటం నా పని.

ఈ వైద్యంలో అసలు కష్టం ఆ గది లోపల లేదు. గొంతు క్యాన్సరుకు సాధారణంగా 33 నుంచి 35 సిట్టింగులు పడతాయి. వారానికి ఐదు లెక్కన ఏడు వారాలు. టేబుల్ మీద పడుకున్నంతసేపూ నొప్పి లేదు, వేడి లేదు, ఏమీ తెలియదు. కానీ అన్నిసార్లు ఆ మనిషి నగరిలోనో పీలేరులోనో తెల్లారకముందే లేవాలి, బస్సెక్కాలి, వరుసలో కూర్చోవాలి, తిరిగి ఇల్లు చేరాలి. గొంతు పుండై నీళ్లు కూడా మింగలేని ఐదో వారంలోనూ రావాలి. అందుకే టేబుల్ మీంచి దించిన ప్రతి మనిషితోనూ నేను చెప్పే ఆఖరు మాట ఒకటే: "రేపు మళ్లా రావాల."

ఒక్కరోజుకు ఇంత పట్టుదల ఎందుకని బంధువులు అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. మొత్తం డోసు 70 గ్రే అనుకుంటే దాన్ని రోజుకు రెండు గ్రే చొప్పున పంచి ఇస్తాం. కిరణం కణంలోని డీఎన్ఏను తెంచుతుంది. మంచి కణం రాత్రికి రాత్రి ఆ తెగినదాన్ని చాలావరకు అతుక్కుంటుంది, క్యాన్సర్ కణానికి ఆ పని అంత బాగా రాదు. ఇలా వారాల తరబడి విడగొట్టి ఇస్తే గొంతు క్యాన్సర్లు నయమవుతాయని పారిస్‌లో హెన్రీ కూటార్డ్ 1920లలోనే చేసి చూపించారు. ఆ విరామంతోనే ఒక ప్రమాదమూ ఉంది. సుమారు నాలుగో వారం దాటాక, మిగిలిన క్యాన్సర్ కణాలు ముందుకంటే వేగంగా పెరగడం మొదలుపెడతాయి. 1988లో విదర్స్ బృందం తల, మెడ క్యాన్సర్లలో దీన్ని లెక్కలతో చూపించింది. ఈ రకం క్యాన్సర్లలో చికిత్స ఒక రోజు ఎక్కువ సాగితే గడ్డ అదుపులోకి వచ్చే అవకాశం సుమారు ఒక శాతం, అంతకు కాస్త ఎక్కువే తగ్గుతుంది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లో బయటి కిరణాలూ లోపల పెట్టే బ్రాకీథెరపీ కలిపి ఎనిమిది వారాల్లో ముగించాలంటారు. రైతులకు నేను ఇంత చెప్పను. కలుపు తీస్తా తీస్తా మధ్యలో నాలుగు దినాలు వదిలేస్తే ఏమవుతుందో మీకు తెలుసు కదా అంటాను. తల ఊపుతారు. మరునాడు వస్తారు.

పొద్దున మా పని మనుషులు రాకముందే మొదలవుతుంది. యంత్రాన్ని వేడెక్కించాలి, డోసు సరిగ్గా వస్తున్నదో లేదో కొలవాలి, గోడల మీది లేజర్ గీతలు ఒకే బిందువులో కలుస్తున్నాయో లేదో చూడాలి. తలుపు తెరిస్తే కిరణం ఆగిపోతోందా అనేది ఒకటికి రెండుసార్లు సరిచూస్తాం. అది అయ్యాకే మొదటి పేరు పిలుస్తాం.

మా జిల్లాలో చాలామంది దీన్ని కరెంటు పెట్టడం అంటారు. "ఇంకా ఎన్ని కరెంట్లు ఉండాయి పాపా?" అని అడుగుతారు. కరెంటనే మాట వల్ల షాకు కొడుతుందని, ఒళ్లు కాలుతుందని భయం. దానికంటే పెద్ద భయం ఇంకొకటి, ఆ కిరణం ఒంట్లోనే ఉండిపోయి ఇంట్లో పిల్లలకు అంటుకుంటుందని. ఒక అవ్వ మూడు వారాలుగా మనవరాలిని ఎత్తుకోలేదు. పళ్లెం, చెంబు వేరే పెట్టుకుంది, వసారాలో పడుకుంటోంది. అది తెలిసిన రోజు నేను ఆమెను కన్సోలు దగ్గర కూర్చోబెట్టి, ఖాళీ గదిలో యంత్రం తిరగడం తెరమీద చూపించాను. లినాక్ అనే మా యంత్రంలో ఎలక్ట్రాన్లు మహా వేగంతో వెళ్లి టంగ్‌స్టన్ లోహాన్ని కొడితే ఎక్స్‌రే పుడుతుంది. మీట ఆపితే ఎలక్ట్రాన్లు ఆగుతాయి, ఎక్స్‌రే పుట్టడమే ఆగుతుంది. గదిలో మిగిలేది లేదు, ఒంట్లో మిగిలేది లేదు. పాత కోబాల్ట్ యంత్రం సంగతి వేరు. అందులో కోబాల్ట్-60 ఎప్పుడూ కిరణాలు విడుస్తూనే ఉంటుంది, వాడనప్పుడు దాన్ని మందపాటి కవచంలోకి లాగేస్తారు. ఐదేళ్ల మూడు నెలలకు దాని శక్తి సగమవుతుంది కాబట్టి, పాతబడేకొద్దీ ఒక్కో మనిషికి పట్టే నిమిషాలు పెరుగుతాయి. కానీ కోబాల్ట్ కిరణం పడిన మనిషి నుంచి కూడా ఇంకొకరికి ఏమీ రాదు. "అయితే ఎత్తుకోవచ్చునా?" అని అవ్వ మళ్లీ అడిగింది. "ఈ పొద్దే ఎత్తుకో అవ్వా" అన్నాను.

మా గురించి కూడా అడుగుతారు, రోజంతా ఇక్కడే ఉంటావు కదా, నీకేం కాదా అని. కిరణం నేరుగా తగిలే గోడలు సుమారు రెండు మీటర్ల మందం కాంక్రీటు. ఛాతీ మీద ఎప్పుడూ, మాకు తగిలిన కిరణాన్ని కొలిచే టీఎల్‌డీ బ్యాడ్జి ఉంటుంది, మూడు నెలలకోసారి దాన్ని పంపి లెక్క తెప్పించుకుంటాం. అణుశక్తి నియంత్రణ మండలి మాలాంటి వాళ్లకు పెట్టిన పరిమితి ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు, ఏ ఒక్క ఏడాదిలోనూ 30 దాటకూడదు. మాకు సాధారణంగా వచ్చేది అందులో చాలా చిన్న భాగం. ఈ చదువు చదివిన ఆడపిల్లలకు సంబంధాలు చూసేటప్పుడు పెద్దవాళ్లు ఇదే అడుగుతారు కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను. ఈ పనికి ఆడపిల్లలు ఇంకా రావాలి. రొమ్ము క్యాన్సరుకూ గర్భాశయ క్యాన్సరుకూ పల్లెల నుంచి వచ్చే తల్లులు జాకెట్టు విప్పి, చీర సడలించి పడుకోవాలంటే పక్కన ఒక ఆడమనిషి ఉండటం ఎంత ధైర్యమో నేను రోజూ చూస్తున్నాను.

తల, మెడ చికిత్సకు మాస్కు చేస్తాం. గట్టి ప్లాస్టిక్ వల లాంటి పలకను సుమారు 70 డిగ్రీల నీళ్లలో వేస్తే మెత్తబడుతుంది. నీళ్లు ఒత్తేసి ముఖం మీద పరిచి, ముక్కు, గడ్డం, నుదురు ఆకారానికి వేళ్లతో అదుముతాం. పది నిమిషాల్లో చల్లారి ఆ ముఖానికే అచ్చు అవుతుంది. చికిత్స ముగిసేదాకా రోజూ దాన్ని తగిలించి, అంచులను టేబుల్‌కు బిగిస్తాం. ఊపిరి ఆడుతుంది, చూపు ఆనుతుంది, కానీ తల వెంట్రుకవాసి కదలదు. ఇక్కడే చాలామంది బెదిరిపోతారు. పొలంలో రాత్రంతా ఒంటరిగా కాపలా కాసిన మొగవాళ్లు కూడా వణకడం చూశాను. అందుకే మొదటిరోజు బిగించి వెంటనే తీసేస్తాను. రెండోసారి పది అంకెలు లెక్కపెట్టి తీస్తాను. చేయి ఎత్తితే చాలు, కెమెరాలో చూస్తా ఉంటాం, యంత్రం ఆపి పరుగున లోపలికి వస్తామని చెప్తాను. ఆ మాట ఒకసారి నిలబెట్టుకుంటే తర్వాత వాళ్లు చేయి ఎత్తడం తక్కువ.

తలుపు మూసుకున్నాక మా మధ్య ఉండేది మైకు ఒక్కటే. మా దగ్గరికి వచ్చేవాళ్లలో సగం మంది ఇంట్లో తెలుగు, సంతలో అరవం మాట్లాడేవాళ్లు. నగరి, సత్యవేడు వైపు అలా ఉంటుంది. కుప్పం, పలమనేరు పక్కనుంచి కన్నడం కలిసినవాళ్లు వస్తారు. "కదలొద్దు" అని చెప్పి, వెంటనే "అసయాదీంగ" అంటాను, అవసరమైతే "అల్లాడబేడి" అంటాను. గదిలో ఒంటరిగా పడుకున్న మనిషికి తన ఇంటి మాట వినబడితే భుజాలు వదులవుతాయి, అది తెరమీద కూడా కనబడుతుంది. గోవిందనామాలు పెట్టమని ఎక్కువమంది అడుగుతారు. పెడతాం. మసీదు వీధి నుంచి వచ్చే ఒక తాత ఏ పాటా వద్దు, నువ్వు మాట్లాడతా ఉండు చాలు అన్నాడు. ఆయన సిట్టింగులు ముగిసేవరకు ఆ రోజు ఎండ సంగతీ, బస్సు సంగతీ మైకులో చెబుతూ ఉండేదాన్ని.

మాస్కు కింద లోహం ఉండకూడదు, మెడలో ఏదీ ఉండకూడదు. ముక్కుపుడక తీయించడం తేలిక, తాళి తీయించడం కాదు. "ఇది తీస్తే ఎట్లమ్మా, మా ఇంటాయన బాగుండాడు" అని ఒకామె ఏడ్చేసింది. ఆమెతో వాదించలేదు. భర్తను లోపలికి పిలిచి, ఆయన చేతులతోనే తీయించి, "మీ దగ్గరే పెట్టుకోన్నా, బయటికి రాంగానే మీరే కట్టండి" అన్నాను. రోజూ అలాగే జరిగింది. కొందరు పసుపుతాడును మణికట్టుకు చుట్టుకుంటారు. కిరణం పడే చోటికి అది దూరం కాబట్టి మాకు అభ్యంతరం లేదు. ఇలాంటి చోట నిబంధన కాగితం చూపించి గొంతు పెంచితే ఆ మనిషి రేపు రాదు. వచ్చినా ఒంటినంతా బిగించుకుని పడుకుంటుంది, బిగుసుకున్న ఒళ్లు నిన్నటి చోట ఉండదు.

పొట్ట, ఛాతీ చికిత్సలకు చర్మం మీద గుర్తులు గీస్తాం. లేజర్లు ఆ గుర్తులతో కలవాలి. మే నెల తిరుపతి ఎండలో చెమటకే సగం చెరిగిపోతాయి. పండగలొస్తే ఇంకా జాగ్రత్త పడాలి. ఉగాదికీ దీపావళికీ నూనె రాసుకుని తలంటుకోకుండా ఇంట్లో పెద్దవాళ్లు ఊరుకోరు. అందుకే పండగకు రెండు రోజుల ముందే చెప్తాం: గీతల మీద నూనె వద్దు, సున్నిపిండి వద్దు, చర్మం కమిలిందని పసుపు పూయొద్దు. చెరిగితే చెరగనీ, ఇంటికాడ బాల్‌పెన్నుతో మీరు దిద్దొద్దు, మేం కొలిచి గీస్తాం.

తలనీలాల సంగతి మా ఊరికే ప్రత్యేకం. దూరం నుంచి వైద్యానికి తిరుపతి వచ్చినవాళ్లు కొండకు పోకుండా ఉండరు. శని, ఆదివారాలు మాకు సెలవు కదా అని మధ్యలో వెళ్లి కల్యాణకట్టలో గుండు చేయించుకుని సోమవారం వస్తారు. వాళ్ల భక్తిని తప్పుపట్టే హక్కు నాకు లేదు, నేనూ ఆ కొండ కింద పుట్టినదాన్నే. కానీ ఒత్తయిన జుట్టు మీద చేసిన మాస్కు గుండు మీద వదులైపోతుంది. తల లోపల ఆడుతుంది. అప్పుడు కొత్త మాస్కు, కొత్త సీటీ, ఒక్కోసారి లెక్కంతా మళ్లీ. కాబట్టి మాస్కు చేసేరోజే అడుగుతాను, మొక్కు ఏమన్నా ఉండాదా అని. ఉంటే ముందే తీర్చుకుని రమ్మంటాను. ఇదే జుట్టు విషయంలో ఈ ఊరు చేసే మేలు కూడా ఒకటుంది. మెదడులో గడ్డకు కిరణాలు పెడితే రెండు మూడు వారాల్లో అక్కడి జుట్టు రాలుతుంది. ఇంకే ఊళ్లోనైనా ఆడపిల్ల బోడి తలతో వీధిలోకి వస్తే నలుగురూ తిరిగి చూస్తారు. తిరుపతిలో ఎవరూ చూడరు. డిగ్రీ చదివే ఒక అమ్మాయి మిగిలిన జుట్టు కూడా తీయించేసి, చందనం పూసుకుని, లీలామహల్ సర్కిల్లో వాళ్లమ్మతో కలిసి బస్సు కోసం నిలబడింది. దర్శనం బాగా అయిందా అని ఎవరో అడిగారట. ఆ మాట చెప్పి ఎంతో నవ్వింది.

మూడో వారంలో తిండి కష్టం మొదలవుతుంది. నోరంతా పుండ్లు, లాలాజలం చిక్కబడి తీగలు సాగుతుంది, రుచి పోతుంది. రాయలసీమ మనిషికి కారం లేకపోతే ముద్ద దిగదు. ఇప్పుడేమో కారం తగిలితే నోరు మండిపోతుంది. పచ్చిమిరపకాయ వేసిన చెనక్కాయల చట్నీ మానమంటే, ఉత్త సంగటి ఎట్ల తినేదమ్మా అంటారు. పల్చటి రాగి గంజిలో మజ్జిగ, మెత్తగా ఉడికించిన పప్పన్నంలో నెయ్యి, పాలు, పచ్చసొనతో సహా కోడిగుడ్డు పాలలో కలిపి ఉడికించింది ఇవ్వమని మా డైటీషియన్ చెబుతుంది. మాది పాడి ఉన్న జిల్లా. పాలకు ఇబ్బంది లేదు, తాగించే ఓపికే కావాలి. వారానికోసారి బరువు చూస్తాం. తగ్గుతూ పోతే ముక్కు ద్వారా గొట్టం వేయాలంటారు డాక్టర్లు. గొట్టం అనగానే ఇంక అంతా అయిపోయిందనుకుని మానేసేవాళ్లు ఉన్నారు. అది తిండికి దారి, చికిత్స పూర్తి చేయడానికి బలం అని ఆ గొట్టంతోనే సిట్టింగులు ముగించుకున్న ఇంకో మనిషి చెబితే వింటారు. అందుకే వరుసలో కొత్తవాళ్ల పక్కన ముగింపుకొచ్చినవాళ్లను కూర్చోబెడతాను. డాక్టరు మాట కంటే, నేను చెప్పే మాట కంటే, ఆ కుర్చీలో పక్కవాడి మాట గట్టిది.

ఒకప్పుడు ఈ జిల్లా మనిషికి క్యాన్సరంటే దారి రాయవేలూరుకో మద్రాసుకో. చిత్తూరు వాళ్లకు వేలూరు సీఎంసీ ఇప్పటికీ పక్కూరు లాంటిదే. హైదరాబాదులో 1955లో మొదలైన ఎం.ఎన్.జె. ఆసుపత్రి ఉన్నా, అంత దూరం పోయి రెండు నెలలు ఉండగలిగేది ఎందరు? తిరుపతిలో 1993లో వైద్యం మొదలుపెట్టిన స్విమ్స్‌లో రేడియోథెరపీ వచ్చాక చాలామందికి దారి తగ్గింది. టాటా ట్రస్టులు, తిరుమల తిరుపతి దేవస్థానం కలిసి 2018లో పునాది వేసిన క్యాన్సర్ ఆసుపత్రి 2022 మేలో తెరుచుకుంది. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవ పేరుతో నడుస్తున్న పథకం కింద పేదవాళ్లకు సిట్టింగుల ఖర్చు తప్పింది. కాగితాలు కదలకపోతే ఆసుపత్రిలో ఆ పథకం పనులు చూసే ఆరోగ్యమిత్ర దగ్గర కూర్చోవాలి, అంతే.

కానీ ఆ పథకం బస్సు టికెట్టు కొనదు, గది అద్దె కట్టదు, పోయిన కూలి ఇవ్వదు. నగరిలో మరమగ్గం మీద పనిచేసే మనిషి ఒకరోజు రాకపోతే ఆ రోజు కూలి లేదు. వెంట వచ్చిన కొడుక్కీ లేదు. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ మామూలు బస్సుల్లో టికెట్టుకు డబ్బు కట్టే పని లేదు. అప్పట్నుంచి, డబ్బుల్లేక రాలేకపోయానమ్మా అనే మాట ఆడవాళ్ల నోట తక్కువ వింటున్నాను. మొగవాళ్ల నోట వింటూనే ఉన్నాను. కుప్పం నుంచి రావడానికే నాలుగు గంటల పైన పడుతుంది, రోజూ వచ్చిపోవడం కాని పని. సత్రాల్లో గది రెండు మూడు రోజులకు దొరుకుతుంది, ఏడు వారాలకు దొరకదు. లక్షల మంది యాత్రికులకు నీడ ఇస్తున్న ఊరు ఇది. చికిత్స ముగిసేదాకా, తక్కువ అద్దెకు, గంజి కాచుకోవడానికి ఒక పొయ్యి ఉన్న గదులు ఇంకా చాలా కావాలి. కొత్త యంత్రం కొనడమంత అవసరం ఇది అని నేను నమ్ముతున్నాను.

సిట్టింగులు తగ్గించే వైపు వైద్యం కూడా నడుస్తోంది. రొమ్ము క్యాన్సరుకు ఐదు వారాల బదులు మూడు వారాల్లో 15 సిట్టింగులు చాలని ఇంగ్లండు పరిశోధనలు తేల్చాయి. తగినవాళ్లకు ఐదే సరిపోతాయని 2020లో ఇంకో ఫలితం వచ్చింది. ఇంట్లో చిన్నపిల్లల్ని వదిలివచ్చే తల్లికి ఆ తేడా ఎంతో మేం చూస్తున్నాం. గొంతుకూ నాలుకకూ మాత్రం ఇంకా ఆ పొడవు తప్పడం లేదు.

యంత్రం చెడిపోయిన రోజులూ ఉంటాయి. అప్పుడు మేము చేసేది ఫోన్లు. బస్సెక్కకముందే చెప్పగలిగితే ఒక రోజు ఖర్చు మిగులుతుంది. పోయిన రోజును శనివారం పెట్టో, ఒకేరోజు కనీసం ఆరు గంటల ఎడంతో రెండుసార్లు పెట్టో డాక్టరు పూడుస్తారు. వారానికి ఐదు బదులు ఆరు సిట్టింగులు ఇస్తే గొంతు క్యాన్సర్ ఇంకా బాగా అదుపవుతుందని డెన్మార్కు వాళ్లు 2003లో ప్రచురించారు కూడా. కాబట్టి శనివారం రమ్మంటే శిక్ష అనుకోవద్దని చెప్తాం.

సాయంత్రం జాబితాలో టిక్కు పడని పేర్లుంటే మళ్లీ ఫోన్లు. జూన్‌లో ఒక రోజు బంగారుపాళ్యం వైపు రైతు రాలేదు, నాలుక క్యాన్సరు, ఐదో వారం.

"పెద్దాయనా, యాడుండారు?"

"ఫ్యాక్టరీకాడమ్మా. తోతాపురి కోసేసినాం, ట్రాక్టరు లైన్లో ఉండాది. రెండు దినాలు ఆగి వస్తా."

మాట సగం నోట్లోనే ఉండిపోతోంది, ఆ పుండ్లతో మాట్లాడటమే కష్టం. కోసిన కాయ ఆగదు, అది నాకూ తెలుసు. ట్రాక్టరు దగ్గర కొడుకును పెట్టమన్నాను. కొడుకే కదా నన్ను తోలుకొచ్చేది అన్నాడు. అల్లుడు ఉన్నాడు, చిత్తూరులో. అల్లుడి నంబరు తీసుకుని నేనే మాట్లాడాను. రాత్రి ఎంత పొద్దయినా యంత్రం దగ్గర ఉంటామని చెప్పి, ఫిజిసిస్టునూ డాక్టరునూ ఉండమని అడిగాను. ఎనిమిదిన్నరకు అల్లుడి బైకు మీద వచ్చాడు. మాస్కు పెట్టి చూస్తే దవడల దగ్గర వదులు, ఆ వారం అంతగా చిక్కిపోయాడు. ఆ రాత్రికి బొమ్మ తీసి చూసి, డాక్టరు సరేనన్నాక సిట్టింగు ఇచ్చాం. మరునాడు పొద్దున్నే కొత్త మాస్కుకూ సీటీకీ రమ్మన్నాం. గడ్డం గీసుకుని రావాలని చెప్పాను. అల్లుడు ఫ్యాక్టరీకి ఫోన్ చేశాడు, ఇంకా ముందు చాలా బండ్లున్నాయట. అయితే పొద్దున్నే వచ్చి పోవచ్చులే అన్నాడు పెద్దాయన.